రిపోర్టు చేతికొచ్చాక

ఒకే మనిషి రక్తం, రెండు రిపోర్టులు. హెచ్‌ఐవీ మందులు దొరికే ఏఆర్‌టీ సెంటర్ ఇచ్చిన వైరల్ లోడ్ కాగితంలో 'టార్గెట్ నాట్ డిటెక్టెడ్' అని ఉంటుంది, అంటే వైరస్ కనబడలేదని. ఆ ధైర్యంతో బయట ల్యాబ్‌లో మామూలు హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకుంటే 'రియాక్టివ్' అని వస్తుంది. మొదటి కాగితాన్ని నమ్మినవారు జబ్బు పోయిందనుకుని మందులు ఆపేస్తారు. రెండోదాన్ని నమ్మినవారు ఇన్నేళ్లూ మింగిన మాత్రలు దండగ అనుకుని ఆపేస్తారు. ఎలా ఆపినా జరిగే నష్టం ఒకటే. నిజానికి ఆ రెండు రిపోర్టుల్లో ఏదీ తప్పు కాదు. రెండు పరీక్షలూ అడిగిన ప్రశ్నలే వేరు. హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి చేతికి వచ్చే కాగితాలన్నిటికీ ఇది వర్తిస్తుంది. ఆ అంకె ఏ ప్రశ్నకు జవాబో తెలియకపోతే అది అనవసరంగా భయపెట్టనైనా భయపెడుతుంది, లేనిపోని భరోసా అయినా ఇస్తుంది.

మామూలు హెచ్‌ఐవీ పరీక్ష ముఖ్యంగా వెతికేది వైరస్‌ను కాదు. వైరస్‌ను చూసి మన ఒంట్లో తయారైన యాంటీబాడీలను. ప్రభుత్వ హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రమైన ఐసీటీసీలో చేసేది ఇదే. పైకి ఏ జబ్బు లక్షణాలూ లేని మనిషికి మొదటి కిట్‌లో రియాక్టివ్ వస్తే, వేరే తరహాలో పనిచేసే మరో రెండు కిట్‌లతోనూ చూస్తారు. మూడూ ఒకే మాట చెబితేనే పాజిటివ్ అని రాస్తారు. ఆ యాంటీబాడీలు ఒకసారి పుట్టాక సాధారణంగా జీవితాంతం ఉంటాయి. మందులు వైరస్‌ను అణచగలవు గానీ, దాన్ని గుర్తుపెట్టుకున్న రోగనిరోధక వ్యవస్థ చేత మరపించలేవు. అందుకే పదేళ్లు ఒక్క మాత్ర మానకుండా వాడినవారికి కూడా ఈ పరీక్ష రియాక్టివ్‌గానే వస్తుంది. ఒకసారి నిర్ధారణ అయి, మందులు మొదలుపెట్టాక దీన్ని మళ్లీ చేయించుకోవడం వల్ల కొత్తగా తెలిసేది ఏమీ లేదు. కరీంనగర్ నుంచో కడప నుంచో గల్ఫ్‌కు పనికి వెళ్లాలనుకునేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి. వీసా కోసం చేసే వైద్య పరీక్షల్లో ఉండేది ఈ యాంటీబాడీ పరీక్షే. వైరల్ లోడ్ ఎంత అణిగి ఉన్నా దాని ఫలితం మారదు.

పసిపిల్లల విషయంలో ఇదే పరీక్ష ఇంకోలా తికమక పెడుతుంది. తల్లి యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకు చేరి, పద్దెనిమిది నెలల దాకా ఉండిపోవచ్చు. కాబట్టి నెలల బిడ్డకు యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ వచ్చిందంటే అది తల్లి గురించి చెప్పినట్టు, బిడ్డ గురించి కాదు. అందుకే ఆరు వారాలకే బిడ్డ మడమ నుంచి కొన్ని రక్తపు బొట్లు కాగితం మీద ఆరబెట్టి, నేరుగా వైరస్ జన్యుపదార్థం కోసం వెతుకుతారు. ఆరో నెలలో, ఏడాది నిండినప్పుడు మళ్లీ చూసి, పద్దెనిమిది నెలలకు తుది నిర్ణయం చెబుతారు. ఈ మధ్యలో ఒక్క రిపోర్టు పట్టుకుని బిడ్డ భవిష్యత్తు తేల్చేసుకోకూడదు. అలాగని మొదటి రిపోర్టు నెగెటివ్ వచ్చిందని మిగతావి ఎగ్గొట్టకూడదు. బిడ్డ తల్లిపాలు తాగుతున్నంత కాలం ప్రశ్న ముగియలేదు.

ఇక వైరస్ కనబడలేదంటే జబ్బు పోయినట్టు ఎందుకు కాదు? వైరల్ లోడ్ పరీక్ష చూసేది రక్తంలోని ప్లాస్మాను మాత్రమే, అంటే కణాలను వేరుచేశాక మిగిలే పసుపుపచ్చని ద్రవాన్ని. మందులు సరిగా వాడుతుంటే అందులో స్వేచ్ఛగా తిరిగే వైరస్ దాదాపు లేకుండా పోతుంది. అయితే హెచ్‌ఐవీ తన జన్యుపదార్థాన్ని రోగనిరోధక వ్యవస్థలోని కొన్ని సీడీ4 కణాల డీఎన్‌ఏలోనే అతికించేసి ఉంటుంది. ఆ కణాలు ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉంటాయి. మందులు వైరస్ పుట్టుకలో ఒక్కో దశను అడ్డుకుంటాయి. నిద్రపోతున్న కణంలో ఆ పుట్టుక జరగడమే లేదు కాబట్టి అక్కడ మందుకు పనే ఉండదు. మందులు ఆపితే ఆ కణాలు మేల్కొన్నప్పుడల్లా కొత్త వైరస్ బయటికి వస్తుంది. ఎక్కువ మందిలో రెండు నుంచి నాలుగు వారాల్లోనే రక్తంలో వైరస్ మళ్లీ కనిపిస్తుంది.

వైరల్ లోడ్ ఎలా కొలుస్తారో కాస్త తెలిస్తే ఆ అంకెను చదవడం తేలికవుతుంది. హెచ్‌ఐవీ జన్యుపదార్థం ఆర్‌ఎన్‌ఏ. ల్యాబ్‌లో ముందుగా దాన్ని డీఎన్‌ఏగా మార్చాలి. దానికి వాడేది రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైమ్. మన కణాల్లో చొరబడ్డాక తన ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చుకోవడానికి వైరస్ వాడుకునేదీ ఈ జాతి ఎంజైమ్‌నే. 1970లో హోవర్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ విడివిడిగా దీన్ని కనుగొన్నారు, 1975లో నోబెల్ బహుమతి అందుకున్నారు. హెచ్‌ఐవీ పేరు లోకానికి తెలియకముందే దాన్ని లెక్కపెట్టే పనిముట్టు అలా సిద్ధమై ఉంది. తర్వాత పీసీఆర్ యంత్రం ఆ డీఎన్‌ఏను ఒక్కో విడతలో రెట్టింపు చేస్తూ పోతుంది. ఒక్క ముక్క ముప్పై విడతల్లో వంద కోట్లు దాటుతుంది. ఎన్నో విడతలో యంత్రానికి కనబడేంతగా ఆ ముక్కలు పెరిగాయో చూసి, మొదట్లో ఎన్ని ముక్కలు ఉండేవో వెనక్కి లెక్క కడతారు. ఆ లెక్కే మిల్లీలీటరు ప్లాస్మాలో ఇన్ని 'కాపీలు' అని రిపోర్టులో వస్తుంది.

రెట్టింపుల మీద నడిచే కొలత కనుక ఇందులో చిన్న తేడాలకు విలువ లేదు. పోయినసారి 40,000, ఈసారి 55,000 అని ఉంటే పదిహేను వేలు పెరిగిందని గుండెలు బాదుకోనక్కర్లేదు. అదే రక్తాన్ని రెండుసార్లు పరీక్షించినా అంత తేడా రావచ్చు. రిపోర్టులో పక్కన 'లాగ్' అని ఇంకో అంకె ఉంటుంది. 1,000కి లాగ్ 3, పదివేలకు 4, లక్షకు 5. పై ఉదాహరణలో లాగ్ 4.60 నుంచి 4.74కి మారింది, అంతే. లాగ్‌లో 0.5 కంటే ఎక్కువ తేడా వస్తేనే, అంటే అసలు అంకె మూడు రెట్లకు మించి పెరిగితేనో తగ్గితేనో, డాక్టర్లు దాన్ని నిజమైన మార్పుగా తీసుకుంటారు. మందులు మొదలుపెట్టకముందు నాకు రెండు లక్షలు, ఆయనకు ముప్పైవేలు అని పోల్చుకోవడం కంటే, మందులు మొదలయ్యాక ఆరు నెలలకు ఎక్కడికి దిగిందన్నదే ముఖ్యం.

ఈ కొలత చేతికి వచ్చాకే హెచ్‌ఐవీ గురించి ఒక పెద్ద అపోహ తొలగింది. వైరస్ సోకాక జబ్బు బయటపడే దాకా గడిచే ఏళ్లలో అది ఒంట్లో మౌనంగా పడి ఉంటుందని చాలాకాలం అనుకున్నారు. 1995 జనవరిలో డేవిడ్ హో, జార్జ్ షా బృందాలు 'నేచర్' పత్రికలో ఒకేసారి ప్రచురించిన పరిశోధనలు దీన్ని తలకిందులు చేశాయి. మందు ఇచ్చి, వైరల్ లోడ్ ఎంత వేగంగా పడిపోతోందో వాళ్లు కొలిచారు. రెండు రోజులకే సగమవుతోంది. అంటే అంతకుముందు అంకె నిలకడగా కనబడిందంటే వైరస్ కదలకుండా ఉందని కాదు, ఎంత చస్తోందో అంతా మళ్లీ పుడుతోందని. రోజుకు దాదాపు వెయ్యి కోట్ల వైరస్ కణాలు పుడుతున్నాయని మరుసటి ఏడాది లెక్క తేలింది. ఇన్ని పుట్టుకల్లో రాతతప్పులు దొర్లుతూనే ఉంటాయి. వాటిలో ఏదో ఒకటి మందుకు లొంగని వైరస్‌ను తయారుచేయవచ్చు. మందు వేళకు పడుతున్నప్పుడు పుట్టుకే ఆగిపోతుంది కాబట్టి తప్పు దొర్లే సందే ఉండదు. కౌన్సెలర్లు రోజూ ఒకే వేళకు మాత్ర వేసుకోమని అంతగా నొక్కి చెప్పడం వెనక ఉన్న లెక్క ఇది.

మన దేశంలో 2018 నుంచి ఏఆర్‌టీ వాడుతున్నవారందరికీ వైరల్ లోడ్ పరీక్ష క్రమంగా చేయడం మొదలైంది. మందులు మొదలుపెట్టిన ఆరో నెలలో ఒకసారి, పన్నెండో నెలలో ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి. ఫలితాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నుంచి మూడు మెట్లుగా చెబుతోంది. పరీక్షకు అసలు వైరస్ చిక్కకపోవడం ఒకటి. చిక్కినా 1,000 కాపీలకు మించకపోవడం రెండోది, దీన్ని అణిగి ఉండటం అంటారు. 1,000 దాటితే అణగలేదని. కొన్ని రిపోర్టుల్లో '20 కంటే తక్కువ' అని ఉంటుంది. వైరస్ ఆనవాలు తగిలింది గానీ యంత్రం నమ్మకంగా లెక్కపెట్టగలిగినంత లేదని దానర్థం. దీనికీ 'నాట్ డిటెక్టెడ్'కూ మధ్య తేడా చూసి దిగులుపడేవారు ఉంటారు. వైద్యం పరంగా రెండూ మంచి వార్తలే.

ఎంత మంచి వార్తో చెప్పాలంటే 2011 ఫలితాన్ని గుర్తుచేసుకోవాలి. హెచ్‌పీటీఎన్ 052 అనే అధ్యయనంలో తొమ్మిది దేశాలకు చెందిన 1,763 జంటలు పాల్గొన్నాయి. ప్రతి జంటలో ఒకరికి హెచ్‌ఐవీ ఉంది, ఇంకొకరికి లేదు. మన చెన్నై, పుణే నగరాల్లోని జంటలూ అందులో ఉన్నాయి. వెంటనే మందులు మొదలుపెట్టినవారి నుంచి భాగస్వామికి వైరస్ సోకడం 96 శాతం తగ్గింది. ఆ తర్వాత యూరప్‌లో జరిగిన పార్ట్‌నర్ అధ్యయనాల్లో వైరల్ లోడ్ అణిగి ఉన్నవారి నుంచి భాగస్వామికి సోకిన సందర్భం ఒక్కటీ కనబడలేదు. పరీక్షకు వైరస్ చిక్కని స్థితిలో ఉండి, మందులు మానకుండా వాడుతున్న వ్యక్తి నుంచి లైంగిక సంబంధం ద్వారా హెచ్‌ఐవీ సోకదని ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. పెళ్లయినవారికీ, పెళ్లి చేసుకోవాలనుకునేవారికీ, బిడ్డ కావాలనుకునేవారికీ ఈ మాట ఎంత ఊరటో వేరే చెప్పాలా? రిపోర్టు ఇచ్చేటప్పుడు అంకె ఒక్కటే చెప్పి పంపకుండా దాని అర్థం కూడా ప్రతి సెంటర్‌లోనూ నోరారా చెప్పాలని నా విన్నపం. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఈ హామీ లైంగిక సంబంధానికే. తల్లిపాల విషయంలో ప్రమాదం చాలా తగ్గుతుంది గానీ పూర్తిగా పోతుందని చెప్పలేం. సిఫిలిస్ వంటి ఇతర సుఖవ్యాధులను ఈ మందులు ఆపవు.

వైరల్ లోడ్ 1,000 దాటి వస్తే? వెంటనే మందులు మార్చేయరు. మూడు నెలల పాటు కౌన్సెలింగ్ చేసి, మాత్రలు సరిగా పడేలా చూసి, మళ్లీ పరీక్ష చేస్తారు. ఈ ఆలస్యం నిర్లక్ష్యం కాదు. వైరస్ దగ్గరికి మందు చేరలేదా, చేరినా ఓడిపోయిందా అన్నది తేల్చడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. మందు చేరక పెరిగిందైతే మూడు నెలలు సరిగా వాడగానే అంకె దిగుతుంది. చేరినా ఓడిపోతుంటే దిగదు, అప్పుడు మందు మార్చాలి. మాత్ర చేతికందినా ఒంటికి అందకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. ఇప్పుడు ఎక్కువమంది వాడుతున్న టీఎల్‌డీ మాత్రలో డొల్యూటెగ్రావిర్ అనే మందు ఉంటుంది. గ్యాస్‌కు వేసుకునే యాంటాసిడ్, కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర దీన్ని పేగులోనే పట్టేసి రక్తంలోకి పోనివ్వవు. వాటికి రెండు గంటల ముందైనా, ఆరు గంటల తర్వాతైనా టీఎల్‌డీ వేసుకోవాలి. గర్భిణులకు ఐరన్, కాల్షియం రెండూ రాస్తారు కాబట్టి వారికి ఇది మరీ ముఖ్యం. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే అది కాలేయాన్ని ఉరకలెత్తించి డొల్యూటెగ్రావిర్‌ను తొందరగా ఖర్చు చేయిస్తుంది. అందుకే టీబీ వైద్యం నడుస్తున్నన్నాళ్లూ పన్నెండు గంటల తేడాతో మరో డొల్యూటెగ్రావిర్ మాత్ర అదనంగా ఇస్తారు. మిర్చి కోతలకు పొరుగూరు వెళ్లి అక్కడ నలుగురి ముందు మాత్ర తీయలేకపోవడం, అత్తింటివారికి తెలుస్తుందని డబ్బా దాచడం, రాత్రి తాగి పడుకోవడం ఇవన్నీ కూడా రిపోర్టులో కనబడని కారణాలే. వీటిని చెబితే తిడతారని దాచేవాళ్లు ఉంటారు. దాస్తే మందు ఓడిపోయిందన్న తప్పుడు నిర్ణయానికి డాక్టరు వస్తారు, పనిచేసే మందు వదిలేసి రెండో వరస మందులకు వెళ్లాల్సి వస్తుంది. చెప్పినవారిని తిట్టకుండా వినడం సెంటర్‌లో ఉన్నవారి బాధ్యత.

ఎప్పుడూ అణిగి ఉండే అంకె ఒక్కసారి 80 అనో 150 అనో వచ్చి, మళ్లీ పరీక్షలో కనబడకుండా పోవచ్చు. ఇలాంటి చిన్న పొంగు అప్పుడప్పుడూ మామూలే. తర్వాతి పరీక్ష ఏం చెబుతుందో చూడాలి తప్ప ఆ ఒక్కదాన్ని పట్టుకుని మథనపడక్కర్లేదు.

సీడీ4 మాటకొస్తే, చాలామందికి తమ సీడీ4 నోటికి వచ్చి ఉంటుంది, వైరల్ లోడ్ గుర్తుండదు. అందుకు చరిత్ర కారణం. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచిత ఏఆర్‌టీ మొదలుపెట్టింది. హెచ్‌ఐవీ ఎక్కువగా ఉందని అప్పుడు ఎంచుకున్న ఆరు రాష్ట్రాల్లో ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. మందులు ఎవరికివ్వాలో అప్పుడు సీడీ4 తేల్చేది. 200కి దిగితేనే మందు. తర్వాత ఆ గీత 350కి, 500కి పెరిగింది. 2017లో గీతే చెరిపేశారు. హెచ్‌ఐవీ ఉందని తేలితే సీడీ4 ఎంతున్నా మందులు ఇస్తున్నారు. ఈ మార్పు వెనక బలమైన సాక్ష్యం ఉంది. సీడీ4 బాగుంది కదా అని మందులు ఆపి, తగ్గినప్పుడు మళ్లీ ఇస్తే ఏమవుతుందో స్మార్ట్ అనే అధ్యయనం చూసింది. అలా ఆపినవారిలో జబ్బులు, మరణాలు రెట్టింపు దాటాయని 2006లో తేలింది. సీడీ4 500 పైన ఉండగానే మందులు మొదలుపెడితే తీవ్రమైన జబ్బులు సగానికి పైగా తగ్గుతాయని 2015లో స్టార్ట్ అధ్యయనం చూపింది. 'నా సీడీ4 ఎనిమిది వందలు, నాకెందుకు మందులు' అనేవారికి జవాబు ఈ రెండు అధ్యయనాల్లో ఉంది.

పొలం భాషలో చెప్పుకుంటే, వైరల్ లోడ్ చేలో ఇప్పుడు పురుగు ఎంతుందో చెబుతుంది, సీడీ4 నిలిచిన పంట ఎంతో చెబుతుంది. మందు కొట్టగానే పురుగు పోవచ్చు, పైరు తేరుకోవడానికి మాత్రం కాలం పడుతుంది. మందులు మొదలుపెట్టిన మొదటి ఏడాదిలో సీడీ4 సాధారణంగా 50 నుంచి 150 దాకా పెరుగుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. మరీ తక్కువ సీడీ4తో, పెద్ద వయసులో మొదలుపెట్టినవారిలో వైరస్ పూర్తిగా అణిగినా సీడీ4 250 దగ్గరో 300 దగ్గరో ఆగిపోవచ్చు. అది మందు పనిచేయక కాదు, మందు మార్చినా ఉపయోగం ఉండదు.

సీడీ4 అంకె స్వభావమే ఊగిసలాట. ఉదయం తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఉంటుంది. జలుబు చేసినా, స్టెరాయిడ్ వాడినా, గర్భం దాల్చినా మారుతుంది. దీని లెక్కలోనే ఆ ఊగిసలాటకు చోటుంది. ఒకరి రక్తంలో తెల్ల కణాలు 6,000, వాటిలో లింఫోసైట్లు 30 శాతం, ఆ లింఫోసైట్లలో సీడీ4 కణాలు 25 శాతం అనుకుందాం. సీడీ4 450 అవుతుంది. ఇంకో రోజు ఏదో చిన్న జ్వరానికి లింఫోసైట్లు 24 శాతానికి తగ్గాయనుకోండి, సీడీ4 360 అయిపోతుంది. హెచ్‌ఐవీ అదనంగా చేసిన హాని ఏమీ లేదు. గమనిస్తే సీడీ4 శాతం రెండుసార్లూ 25గానే ఉంది. అందుకే రిపోర్టులో అంకె పక్కన ఉండే శాతాన్ని కూడా చూడాలి. అంకె పడిపోయి శాతం నిలకడగా ఉంటే తొందరపడక్కర్లేదు. రెండూ వరసగా పడిపోతుంటే కారణం వెతకాలి. అయిదేళ్లలోపు పిల్లల్లో సీడీ4 అంకెలు సహజంగానే పెద్దవాళ్ల కంటే చాలా ఎక్కువ ఉంటాయి, కాబట్టి వాళ్ల దగ్గర శాతమే ఎక్కువ పనికొస్తుంది.

సీడీ4 కొన్ని ప్రత్యేకమైన ప్రశ్నలకు ఇప్పటికీ తప్పనిసరి. 350 కంటే తక్కువైతే కోట్రైమోక్సజోల్ మాత్ర రోజూ ఇస్తారు, కొన్ని రకాల న్యుమోనియా, మెదడు జబ్బులు రాకుండా. 200 కంటే తక్కువైతే టీబీ కోసం లోతుగా వెతకాలి, మెదడు పొరలకు సోకే క్రిప్టోకాకస్ అనే ఫంగస్ కోసం రక్తంలో యాంటీజెన్ పరీక్ష చేయాలి. అంత తక్కువ సీడీ4తో మందులు మొదలుపెట్టినవారికి తొలి వారాల్లో జ్వరం, గడ్డల వాపు, దగ్గు ముదరవచ్చు. సీడీ4 పెరుగుతూ ఉండగానే మనిషి క్షీణించడం చూసి మందే పడలేదనుకుంటారు. అంతకుముందు లోపల దాగి ఉన్న టీబీ మీదికి, బలం పుంజుకున్న రోగనిరోధక శక్తి ఒక్కసారిగా విరుచుకుపడటం వల్ల ఇలా అవుతుంది. ఆ సమయంలో చేయాల్సింది సెంటర్‌కు వెళ్లడం, మాత్రలు ఆపడం కాదు. ఇక సీడీ4 350 దాటి, అదే సమయంలో వైరల్ లోడ్ కూడా అణిగి ఉంటే సీడీ4 పరీక్ష మానేస్తారు. 'నాకు ఇప్పుడు సీడీ4 చూడటం లేదు, పట్టించుకోవడం మానేశారు' అని బాధపడేవారు తెలుసుకోవలసింది, ఆ పరీక్ష అవసరం లేనంత బాగున్నారని.

రిపోర్టులన్నిటిలోకీ మనిషిని ఎక్కువ తప్పుదారి పట్టించేది, నా దృష్టిలో, క్రియాటినిన్. కిడ్నీల పనితీరు తెలుసుకోవడానికి చేసే పరీక్ష ఇది. కండరాల నుంచి వచ్చే ఈ వ్యర్థాన్ని కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో అంకె చెబుతుంది. అయితే కండ ఎక్కువున్నవారిలో క్రియాటినిన్ ఎక్కువ పుడుతుంది, బక్కపలచని మనిషిలో తక్కువ పుడుతుంది. క్రియాటినిన్ 1.1 ఉన్న ఇద్దరిని తీసుకుందాం. ముప్పై ఏళ్లు, డెబ్బై కిలోల మగమనిషి ఒకరు. యాభై ఏళ్లు, నలభై కిలోల స్త్రీ ఇంకొకరు. చాలా ల్యాబ్‌ల లెక్కలో ఇద్దరిదీ 'నార్మల్'. వయసు, బరువు, స్త్రీయా పురుషుడా అన్నది కలిపి క్రియాటినిన్ క్లియరెన్స్ లెక్కకడితే ఆయనకు నిమిషానికి 97 మిల్లీలీటర్లు, ఆమెకు 39 మాత్రమే వస్తుంది. టీఎల్‌డీలోని టెనోఫోవిర్‌ను 50 కంటే తక్కువ ఉన్నవారికి సాధారణంగా ఇవ్వరు. నార్మల్ అన్న ఒక్క మాట చూసి ఆమెను పంపేస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. మన పల్లెల్లో బక్కచిక్కిన పెద్దవయసు స్త్రీలు ఎందరో. వాళ్ల బరువు ప్రతిసారీ తూచి, ఈ లెక్క కట్టడం చిన్న పని. అది జరిగిందా అని అడిగే హక్కు వాళ్లకుంది.

ఇదే క్రియాటినిన్ ఇంకో వైపు నుంచి కూడా మోసం చేస్తుంది. డొల్యూటెగ్రావిర్ మొదలుపెట్టిన మొదటి నెలలో క్రియాటినిన్ 0.1 నుంచి 0.2 దాకా పెరగడం సహజం. కిడ్నీ నాళికలు క్రియాటినిన్‌ను మూత్రంలోకి తోసే ఒక దారిని ఆ మందు కొంత మూస్తుంది, అంతే. వడపోతకు దెబ్బ తగలదు, అంకె అక్కడితో ఆగిపోతుంది. టెనోఫోవిర్ వల్ల నిజంగా నాళికలు దెబ్బతింటే తీరు వేరుగా ఉంటుంది. అంకె ఆగకుండా పెరుగుతూ పోతుంది, మూత్రంలో ప్రొటీన్ పడుతుంది, రక్తంలో షుగర్ మామూలుగా ఉన్నా మూత్రంలో షుగర్ కనబడుతుంది. ఒకే మాత్రలో ఉన్న రెండు మందుల్లో ఒకటి ఉత్త అంకెను మారుస్తుంది, ఇంకొకటి అరుదుగా కిడ్నీని మారుస్తుంది. ఒక్క రిపోర్టుతో ఇది తేలదు. మూడు నాలుగు పాత రిపోర్టులు వరసగా పెడితే తేలుతుంది.

మిగతా పరీక్షల గురించి కొంచెం. అటాజనావిర్ వాడేవారికి బిలిరుబిన్ పెరిగి కళ్లు పచ్చబడవచ్చు. కాలేయపు మిగతా పరీక్షలు బాగుంటే అది కామెర్ల జబ్బు కాదు, బిలిరుబిన్‌ను శుద్ధిచేసే ఎంజైమ్‌ను మందు నెమ్మదింపజేయడమే. పసరు మందుకు పరుగెత్తనక్కర్లేదు. జిడోవుడిన్ హిమోగ్లోబిన్‌ను పడగొట్టవచ్చు, మొదటి నెలల్లో దాని మీద కన్నుండాలి. ఇక ల్యాబ్ కాగితంలో నల్లటి అక్షరాలతో, నక్షత్రం గుర్తుతో కనబడే ప్రతిదీ జబ్బు కాదు. ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది ఉండే పరిధినే సాధారణంగా నార్మల్ అంటారు. అంటే ఏ జబ్బూ లేని ఇరవై మందిలో ఒకరు ఆ పరిధి బయటే ఉంటారు. పూర్తి ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేస్తే కనీసం ఒక్కదాంట్లో నక్షత్రం పడే అవకాశం 64 శాతం.

హెపటైటిస్ బి పరీక్షను మాత్రం తేలిగ్గా వదిలేయకూడదు. కాగితంలో 'హెచ్‌బీఎస్ఏజీ' అని ఉంటుంది. అది పాజిటివ్ అయినవారికి టీఎల్‌డీలోని టెనోఫోవిర్, లామివుడిన్ రెండు వైరస్‌లకూ మందులే. అలాంటివారు తమంతట తాము మందులు ఆపితే హెచ్‌ఐవీ తిరగబెట్టడమే కాదు, హెపటైటిస్ బి ఒక్కసారిగా ఎగసి కాలేయం ప్రాణం మీదికి తేవచ్చు. మందులు మార్చే డాక్టరుకు ఈ ఒక్క ఫలితం తప్పక తెలిసి ఉండాలి.

రిపోర్టు చదవడం తెలిసినంత మాత్రాన అది ఊరందరి కంటా పడాలని కాదు. 2017లో వచ్చి, 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, చట్టం పేర్కొన్న కొన్ని సందర్భాల్లో తప్ప ఫలితాన్ని ఇతరులకు చెప్పకూడదు. హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో ఉద్యోగం నుంచి తీసేయకూడదు, వైద్యం నిరాకరించకూడదు. సందేహం వస్తే 1097కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. బంధువుల పిల్లవాడి చేత రిపోర్టు చదివించుకోవడం కంటే, మెడికల్ షాపులో చూపించడం కంటే అది మేలు.

ఊరు మారి వేరే ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లేటప్పుడు ట్రాన్స్‌ఫర్ కాగితం ఒక్కటే పట్టుకెళ్లకుండా, మందులు మొదలుపెట్టినప్పటి సీడీ4, చివరి వైరల్ లోడ్ అంకె, దాని తేదీ, చివరి మూడు క్రియాటినిన్‌లు, ఇప్పటి బరువు, హెచ్‌బీఎస్ఏజీ ఫలితం, టీబీ మందులు ఎప్పుడైనా వాడి ఉంటే ఆ నెలలు ఒకచోట రాసుకుని వెళ్లాలి. వైరల్ లోడ్‌కు రక్తం ఇచ్చి వచ్చి, ఫలితం అడగడం మరిచిపోయేవారు ఉంటారు. నెలలు గడిచినా కబురు రాకపోతే ఫలితం బాగుందని అనుకోకూడదు, నమూనా చెడిపోయి ఉండవచ్చు. తర్వాతి మందుల తేదీకి వెళ్లినప్పుడు కౌన్సెలర్‌ను ఆ అంకె చెప్పమని అడిగి, ఏఆర్‌టీ పుస్తకంలో రాయించుకోవాలి.